ఉన్నత పాఠశాలలో పనివిద్య: రైతుబిడ్డకు దాని ప్రయోజనము

పదవ తరగతి పరీక్షా ఫలితములు వెలువడిన నాడు గ్రామములలో రెండు విధములైన చింతలు పుట్టుచుండును. తప్పిన పిల్లవాని తండ్రి “వీని చదువు ముగిసినది, ఇక నేమి చేయింతును?” అనుకొనును. కృతార్థుడైన పిల్లవాని తండ్రి “వీని చదువు మొదలైనది, ఇక నెంత అప్పు చేయుదును?” అనుకొనును. ఈ రెండు ప్రశ్నలకును మూల మొక్కటే. పదేండ్లు బడిలో కూర్చున్న పిల్లవానికి జీవనమునకు పనికివచ్చు నేర్పు ఏది యబ్బినది, ఏది యబ్బలేదు అను విచారణ మనము చేయకుండుటయే ఆ మూలము.

చదువుకొన్నవానికి సేద్యము రాదనియు, సేద్యము చేయువానికి లెక్క రాదనియు మన పల్లెలలో ననుకొనుట కలదు. ఈ రెండు లోపములును ఒక్క పాఠశాలలోనే తీరవలసినవి. ఉన్నత పాఠశాలలో చదువు బాలబాలికలను పెద్దల జీవితమునకు సిద్ధపఱచు పనివిద్యను గూర్చి, అది యెట్లు పుట్టినది, ఎచ్చట ఫలించినది, ఎచ్చట చెడినది, మనము దానినుండి యేమి కోరవలయును అను విషయములను ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

పనివిద్య యనగా నేమి?

పనివిద్య యను నొక్క మాటతో మూడు వేర్వేఱు విషయములను కలిపి చెప్పుకొనుచున్నాము. వానిని విడదీసిననే గాని ప్రయోజనము తెలియదు.

మొదటిది, అందఱికిని కావలసిన జీవన నైపుణ్యము. వడ్డీ లెక్క, భూమి కొలత, బ్యాంకు వ్యవహారము, పత్రము చదివి సంతకము చేయుట, మందుడబ్బా మీది చీటీ గ్రహించుట, సభలో నిలిచి మాటాడుట మొదలగునవి ఇందు చేరును. వైద్యుడు కాబోవు పిల్లవానికిని, వ్యవసాయము చేయబోవు పిల్లవానికిని ఇవి సమానముగా నావశ్యకములు.

రెండవది, పని ద్వారా చదువు. విద్యార్థి తోటపనియో, వడ్రంగమో, నేతయో చేయుచు, ఆ పనిలోనుండియే గణితమును ప్రకృతి శాస్త్రమును నేర్చుకొనుట. ఇచ్చట పని సాధనము, చదువు ఫలము.

మూడవది, ఒకానొక వృత్తికి సిద్ధపఱచు శిక్షణము. విద్యుత్తు మోటారు బాగుచేయుట, పాడిపశువుల పోషణ, లెక్కల పుస్తకములు వ్రాయుట మున్నగు వృత్తులలో కూలి సంపాదింపగల నేర్పు నిచ్చుట దీని యుద్దేశము.

మొదటిది అందఱు పిల్లలకును కావలయును. రెండవది అందఱికిని మేలు చేయును. మూడవది కోరినవారికి మాత్రమే. ఈ భేదమును మఱచి, మూడవదానిని బీదపిల్లల కంటగట్టి, మొదటిదానిని ఎవరికిని నేర్పకుండుటయే యింతవఱకు జరిగిన పొరపాటులలో పెద్దది.

ఈ యాలోచన క్రొత్తది గాదు

1882లో నియమింపబడిన హంటరు కమిషను, ఉన్నత పాఠశాలల పై తరగతులలో రెండు శాఖ లుండవలెననియు, ఒకటి విశ్వవిద్యాలయ ప్రవేశమునకును, రెండవది వ్యాపారాది వ్యవహార విద్యలకును దారితీయవలెననియు సిఫారసు చేసెను. తండ్రులును పిల్లలును మొదటి శాఖనే కోరిరి. రెండవది నామమాత్రముగ నుండిపోయెను. సర్కారు కొలువునకు దారి మొదటి శాఖలోనుండియే కనబడుచుండుట చేత నిది వింతగాదు.

1937 అక్టోబరులో వార్ధాలో మహాత్మాగాంధీగారి యాధ్వర్యమున విద్యాసభ జరిగెను. చేతిపనిని పాఠములలో నొకటిగా గాక, పాఠము లన్నిటికి నాధారముగా జేయవలయునని వారు చెప్పిరి. డాక్టరు జాకీర్ హుస్సేను గారి యధ్యక్షతను ఏర్పడిన సంఘము ఆ ప్రణాళికను రచించెను. రాట్నము వడుకు బాలుడు నూలు పొడవు కొలుచుటలో గణితమును, ప్రత్తి పుట్టుకలో ప్రకృతి శాస్త్రమును, ఆ ప్రత్తి వ్యాపారములో దేశచరిత్రను గ్రహించునని ఆ పద్ధతి యొక్క భావము. ఇది ఏడేండ్లు మొదలు పదునాలుగేండ్ల వఱకుగల పిల్లలకు ఉద్దేశింపబడినది. పిల్లలు చేసిన వస్తువుల యమ్మకముతో ఉపాధ్యాయుని జీతము గడచునను భాగము మాత్రము నాడే పలువురి యాక్షేపణకు గుఱియయ్యెను.

1952-53లో డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారుగారి యధ్యక్షతను పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషను బహుళార్థ పాఠశాలలను స్థాపింపవలెనని చెప్పెను. 1964-66 నాటి కొఠారీ కమిషను “పని యనుభవము” విద్యలో భాగము కావలెననెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము, ఉన్నత మాధ్యమిక విద్యార్థులలో నూటికి పదిమంది 1990 నాటికిని, ఇరువదియైదుగురు 1995 నాటికిని వృత్తివిద్యలో చేరవలెనని నిర్ణయించెను. ఆ గడువులు రెండును పిదప పొడిగింపబడెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆఱు మొదలు ఎనిమిదవ తరగతుల పిల్లలు ఒక పదిదినములు పుస్తకముల సంచి లేకయే వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మున్నగు స్థానిక పనివారి యొద్ద నేర్చుకొనవలెనని సూచించినది. 2012-17 నాటి పంచవర్ష ప్రణాళిక యంచనా ననుసరించి, మన దేశమున 19 మొదలు 24 ఏండ్ల వయసు గల పనివారిలో శాస్త్రీయమైన వృత్తిశిక్షణ పొందినవారు నూటికి అయిదుగురికంటె తక్కువయనియు, జర్మనీలో 75 గురు, దక్షిణ కొరియాలో 96 గురు అనియు ఆ విధానపత్రమే చెప్పుచున్నది.

నూఱేండ్లకు మించి పెద్దలందఱు మంచిదన్న పని యేల సాగలేదు? కారణములు నాలుగు కనబడుచున్నవి. పని నేర్పువానికి పని రాకపోవుట. పనిముట్ల గదికి తాళమే గాని సామగ్రి లేకపోవుట. పనిలో చూపిన నేర్పునకు పరీక్షలో విలువ లేకపోవుట. ఈ శాఖలో చేరిన పిల్లవానికి పై చదువుల తలుపులు మూసికొనిపోవుట. నాలుగవది యన్నిటికంటె బలమైనది. దారి మధ్యలో నాగిపోవు బండి నెవరెక్కుదురు?

1953 నాటి హెచ్చరిక

పనివిద్య పేరిట ఒక హాని కూడ జరుగవచ్చునని మన ప్రాంతపు చరిత్రయే తెలుపుచున్నది. 1953లో చక్రవర్తి రాజగోపాలాచారిగారు ముఖ్యమంత్రిగా నుండగా, మద్రాసు రాష్ట్రమున గ్రామ ప్రాథమిక పాఠశాలలలో క్రొత్తపద్ధతి ప్రవేశపెట్టబడెను. పిల్లలు దినములో కొంతసేపు బడిలో చదివి, తక్కిన కాలము ఇంటివద్ద తలిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలయుననునది దాని సారము. బడులు చాలక, ఉపాధ్యాయులు చాలక యున్న కాలమున, ఉన్న బడిలోనే హెచ్చుమందికి చోటు కల్పింపవచ్చునను నుద్దేశమును అందు గలదు.

కాని ప్రజలు వేఱొక ప్రశ్న వేసిరి. చాకలి బిడ్డ చాకలిపనియు, చెప్పులు కుట్టువాని బిడ్డ ఆ పనియు మాత్రమే నేర్చినచో, బడి వాని కిచ్చిన దేమి? పుట్టుకచే గట్టబడిన ముడిని విప్పుటకు గదా చదువు! దీనికి “కులవిద్య” యను పేరు వచ్చెను. గొప్ప ప్రతిఘటన పుట్టెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము వేఱుపడెను. 1954లో కామరాజుగారి ప్రభుత్వము వచ్చిన పిమ్మట మద్రాసులో నా పద్ధతి రద్దయ్యెను.

దీనినుండి మనము గ్రహింపవలసిన సూత్రము స్పష్టము. పనివిద్య పిల్లవానికి క్రొత్తదారి తెఱవవలెనే గాని పాతదారిలో కట్టివేయరాదు. రైతుబిడ్డ విద్యుత్తు పనిని, కూలివాని బిడ్డ లెక్కల పనిని, పట్టణపు ఉద్యోగి బిడ్డ మొక్కల పెంపకమును నేర్చుకొనగలిగిన నాడే అది విద్య యనిపించుకొనును.

పరదేశములలో ఫలించిన విధము

సహకారోద్యమమునకు 1844 పవిత్రమైన సంవత్సరము. ఆ యేడు డిసెంబరులో ఇంగ్లండులోని రాక్‌డేలు పట్టణమున నేతపనివారు మొదలగువారు తమ యుమ్మడి దుకాణమును తెఱచిరి. అదే యేడు నవంబరులో డెన్మార్కు రాజు పాలనలో నున్న రోడింగు గ్రామమున మొదటి జానపద ఉన్నత పాఠశాల ఆరంభమయ్యెను. గ్రుంట్విగు అను మతాచార్యుని భావములు దానికి మూలము. అందు చేరినవారు చిన్నపిల్లలు గారు, యుక్తవయస్కులైన రైతుయువకులు. పరీక్షలు లేవు, పట్టములు లేవు. చలికాలమున పొలముపని లేని నెలలలో వచ్చి, చరిత్రమును, మాతృభాషను, దేశవ్యవహారములను చర్చించి యింటికి పోవుచుండిరి. 1864 నాటి యుద్ధములో డెన్మార్కు భూమిని పోగొట్టుకొనిన పిదప నిట్టి పాఠశాలలు విరివిగా వెలసెను. 1882లో హ్యెడ్డింగు గ్రామమున ఆ దేశపు మొదటి సహకార పాలకేంద్రము ఏర్పడెను. పాలు కలిపి యమ్ముటకు యంత్రము చాలును. ఒకరి నొకరు నమ్ముటకును, లెక్క యడుగుటకును, సభలో నిదానముగ వాదించుటకును చదువు కావలయును. ఆ చదువు నీ పాఠశాల లిచ్చినవని ఆ దేశస్థులు చెప్పుకొందురు.

అమెరికాలో 1917లో స్మిత్–హ్యూస్ చట్టము వచ్చెను. దానిచే ఉన్నత పాఠశాలలలో వ్యవసాయ వృత్తివిద్యకు కేంద్రప్రభుత్వ ధనసహాయము లభించెను. ఆ చట్టములో నొక షరతు మన మనస్సున నిలుపుకొన దగినది. వ్యవసాయము చదువు విద్యార్థి సంవత్సరమునకు ఆఱునెలలకు తగ్గకుండ నిజమైన పొలములో, ఉపాధ్యాయుని పర్యవేక్షణమున పని చేయవలయును. దీనికి ముందే మసచూసెట్సు రాష్ట్రమున స్టిమ్సను అను విద్యావేత్త “ఇంటి సేద్యపు పని” యను పద్ధతిని నడపియుండెను. విద్యార్థి తన యింటి పొలములో కొంత భాగమును గాని, ఒక ఆవును గాని, కొన్ని కోళ్లను గాని తన బాధ్యత క్రింద తీసికొని, పెట్టుబడి, పని, రాబడి, నష్టము సర్వము పుస్తకమున వ్రాయవలయును. ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చి చూచును.

ఈ పద్ధతి యొక్క బలము లెక్కలో నున్నది. మన లెక్కలో చూతము. ఒక విద్యార్థిని పది సెంట్లలో బెండ వేసిన దనుకొందము. దున్నకము, విత్తనము, ఎరువు, మందులకు రొక్కముగా 2,400 రూపాయలు ఖర్చు. కాయలమ్మగా వచ్చినది 6,000 రూపాయలు. తండ్రి “3,600 రూపాయలు లాభము” అనును. ఉపాధ్యాయు డట్లుగాక ఇంటివారు చేసిన పనిదినములను వ్రాయుమనును. అవి పండ్రెండు, దినమునకు 400 రూపాయల చొప్పున 4,800 రూపాయలు. అనగా నిజమునకు 1,200 రూపాయలు నష్టము. లాభమని మన మనుకొన్నది మన కూలిలో కొంత భాగము మాత్రమే! ఇది తెలిసిన పిల్ల సేద్యమును విడిచిపోవలసిన పనిలేదు. కోత కూలి తగ్గించుట యెట్లు, దళారికి గాక వీధిలోనే యమ్మిన నేమి వచ్చును, పైరు మార్చిన నేమగును అని యాలోచింప నారంభించును. ఆ యాలోచనయే విద్య.

తరగతిలో నేర్పదగిన కొన్ని పాఠములు

పనివిద్యకు గొప్ప యంత్రశాల లుండిననే గాని కాదని కొందఱు తలంతురు. అట్లుగాదు. క్రింది పాఠములకు నల్లబల్ల, కొలత త్రాడు, తడిగుడ్డ, పాత మందుచీటీ చాలును.

వడ్డీ. “నూటికి రెండు” అని వడ్డీవ్యాపారి యనును. “నూటికి ఏడు” అని సంఘము వారందురు. చదువులేనివానికి రెండు తక్కువగను, ఏడు ఎక్కువగను తోచును. మొదటిది నెలకు, రెండవది ఏటికి అని తెలిసిన పిదప లెక్క తలక్రిందులగును. 50,000 రూపాయలు పది నెలలకు తీసికొన్నచో, నెలకు నూటికి రెండు చొప్పున వడ్డీ 10,000 రూపాయలు. ఏటికి నూటికి ఏడు చొప్పున 2,917 రూపాయలు. భేదము ఏడువేలకు పైమాట. ఈ యొక్క పాఠము ఒక యెద్దు మెడనుండి కాడి దింపినంత మేలు చేయును.

భూమి కొలత. వంకర చేను కొలుచునపుడు మన వారు ఎదురెదురు గట్లను కలిపి సగము చేసి, ఆ రెంటిని హెచ్చింతురు. చేను సరియైన నలుచదరము కానిచో నీ పద్ధతి యెల్లప్పుడు నిజమునకంటె ఎక్కువయే చూపును. ఒక చేనికి వరుసగా నాలుగు గట్లు సుమారు 54, 84, 63, 92 గజము లనుకొందము. పాతపద్ధతిని 58½ ను 88 చే హెచ్చింపగా 5,148 చదరపు గజములు వచ్చును. అదే చేనికి మూలనుండి మూలకు త్రాడు పట్టి కొలువగా 88 గజములు. ఆ త్రాటినుండి తక్కిన రెండు మూలలకు నిటారు దూరములు 50, 60 గజములు. 88 ని 110 చే హెచ్చించి సగము చేసిన 4,840 చదరపు గజములు, అనగా సరిగా నొక యెకరము, నూఱు సెంట్లు. పాతపద్ధతి ఆఱు సెంట్లకు పైగా, అనగా రెండున్నర గుంటలు, లేని భూమిని పుట్టించినది. కౌలు కట్టువాడును, చేను కొనువాడును ఆ లేని భూమికి ధనము చెల్లింతురు. ఎనిమిదవ తరగతిలో చదివిన త్రిభుజమునకు గట్టుమీద గల విలువ యిది.

విత్తన పరీక్ష. నూఱు గింజలు లెక్కించి తడిగుడ్డలో వరుసగా పేర్చి చుట్టి, తడి యారకుండ జూచి, మొలకలు లెక్కింపవలయును. ధ్రువపఱచిన వరి విత్తనమునకు నూటికి 80, వేరుసెనగకు 70 మొలకలు కనీస ప్రమాణము. తన యింటి వరివిత్తనము 60 మాత్రమే మొలచినచో, 30 కిలోలు చల్లు చోట 40 కిలోలు కావలయునని పిల్లవాడు లెక్కకట్టి తండ్రికి జెప్పగలడు; లేదా ఆ విత్తనమును మార్పింపగలడు. నారుమడి పలుచనైన తరువాత విచారించుటకంటె నిది మేలు గదా!

మందుచీటీ. పురుగుమందు డబ్బాపై నొక రంగు త్రికోణ ముండును. ఎఱుపు అత్యంత విషము, పసుపు తీవ్ర విషము, నీలము మధ్యరకము, ఆకుపచ్చ స్వల్పము. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లని చీటీపై నున్నచో 16 లీటర్ల టాంకీకి 32 మిల్లీలీటర్లు. మూతతో నుజ్జాయింపుగ పోసినవాడు పురుగు చావలేదని రెట్టింపు పోయును. పైరును, పైకమును, ప్రాణమును మూటిని పణమొడ్డును. ఈ పాఠము చీటీ చదువుటకే గాని, పిల్లలచే మందు కొట్టించుటకు గాదు. పదునెనిమిదేండ్లు నిండనివారి నట్టి పనికి పెట్టరాదు.

సెల్‌ఫోనులో డబ్బు. సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు రహస్యసంఖ్య నొక్కనక్కఱలేదు. “మీకు డబ్బు వచ్చినది, పిన్ను నొక్కుడు” అని యెవడైన చెప్పినచో వాడు దొంగ. ఓ.టి.పి. యెవరికిని చెప్పరాదు. ఇంటిలో నీ యంత్రమును వాడుక చేయునది తఱచుగా చదువుకొను పిల్లలే గనుక, వారికి నేర్పిన యింటిల్లిపాదికి రక్ష.

సభామర్యాద. తీర్మానము ప్రతిపాదించుట, బలపఱచుట, సవరణ చెప్పుట, చేతులెత్తి లెక్కించుట, ఆ తీర్మానమును పుస్తకమున వ్రాసి చదివి వినిపించుట. మన సంఘములలో నొక మనిషి కొక వోటు. ఆ వోటు విలువ తెలియని సభ్యుడు, వ్రాసినదానిని చదువకయే వ్రేలిముద్ర వేయు సభ్యుడు, సంఘము నితరుల చేతికి అప్పగించినవాడే.

తప్పింపవలసిన దోషములు

పనివిద్య పేరిట బడిలోని బీదపిల్లలచే ఆవరణ ఊడ్పించుట, ఉపాధ్యాయుల యింటిపనులు చేయించుట పనివిద్య గాదు, అది వెట్టి. నేర్పు పెరుగని పనిని మఱల మఱల చేయించుట దేనికిని పాఠము గాదు.

ఆడపిల్లలకు కుట్టుపనియు, మగపిల్లలకు తక్కిన పనులన్నియు నని విభజించుటయు దోషమే. నాట్లు, కలుపు, కోత, పాడిలో అధికభాగము స్త్రీల చేతులమీదుగ జరుగుచున్నది. అట్టియెడ మోటారు, మట్టిపరీక్ష, లెక్కల పుస్తకము వారికి తెలియరానివని యనుట న్యాయము గాదు. కుట్టుపని మంచిదే; కోరిన మగపిల్లలకును నేర్పవలయును.

చదువులో వెనుకబడినవారికే పనివిద్య యని బడులు భావించుచున్నంతకాలము దానికి గౌరవము రాదు. తరగతిలో మొదటివాడును గింజలు మొలకెత్తింపవలయును, చేను కొలువవలయును. అటులనే, పనిలో మొదటివాడైన పిల్లవానిచే భాషయు గణితమును మానిపించుటయు తగదు. చేతికి బుద్ధి, బుద్ధికి చేయి తోడు కావలయును.

పదవ తరగతి పిదప దారులు

తొమ్మిదవ తరగతి మొదలు కొన్ని ప్రభుత్వ పాఠశాలలలో వృత్తివిద్య ఒక పాఠ్యవిషయముగ నున్నది. పదవ తరగతి ముగిసిన పిదప ముఖ్యముగ నాలుగు దారులు కలవు.

ఒకటి, ఇంటర్మీడియేటు వృత్తివిద్యా కోర్సులు. పంటల ఉత్పత్తి, పాడిపరిశ్రమ, చేపల పెంపకము, పట్టుపురుగుల పెంపకము, లెక్కలు–పన్నులు, విద్యుత్తు పని వంటి వందు గలవు. రెండవది, ఐ.టి.ఐ. అనబడు పారిశ్రామిక శిక్షణాలయములు. ఫిట్టరు, ఎలక్ట్రీషియను, డీజిలు మెకానిక్ మున్నగు పనులు నేర్పబడును. పిమ్మట 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద భత్యముతో గూడిన శిక్షణమునకు వీలుండును. మూడవది, మూడేండ్ల ఇంజనీరింగు పాలిటెక్నిక్. డిప్లొమా ముగించినవారు ప్రవేశపరీక్ష ద్వారా ఇంజనీరింగు డిగ్రీ రెండవ సంవత్సరములో చేరవచ్చును. నాలుగవది, వ్యవసాయ విశ్వవిద్యాలయముల క్రింది రెండేండ్ల వ్యవసాయ పాలిటెక్నిక్. ఇందు డిప్లొమా ముగించిన వారిలో కొందఱకు ప్రత్యేక ప్రవేశపరీక్ష ద్వారా బి.ఎస్‌సి. వ్యవసాయములో చోటు లభించుచున్నది.

ఏ దారి నెంచుకొన్నను, రుసుము కట్టుటకు ముందు తలిదండ్రు లీ యయిదు ప్రశ్నల నడుగవలయును. ఈ సంస్థకు ప్రభుత్వపు గుర్తింపు ఉన్నదా? వారములో ఎన్ని గంటలు చేతితో పని చేయింతురు, ఆ పనిముట్లు మాకు చూపగలరా? నేర్పువారు స్వయముగ ఆ పని చేసినవారేనా? ముగిసిన పిదప పై చదువునకు దారి యున్నదా, దానికి అదనముగా “బ్రిడ్జి కోర్సు” వంటి పరీక్ష యేదైన వ్రాయవలయునా? క్రిందటి యేడు ముగించిన విద్యార్థులు ఇప్పు డెచ్చట నున్నారు? అయిదవ ప్రశ్నకు సూటిగ జవాబు చెప్పలేని చోట చెక్కుమీద సంతకము చేయరాదు. గోడమీది రంగుకాగితమును గాక, పనిగదిలోని చేతుల మసిని చూచి నిర్ణయింపవలయును.

ఆరునూఱైనను ఒక్కటే చదువు కావలెనని పొలము తాకట్టు పెట్టుటయు, చదువేల యని పదవ తరగతితోనే మాన్పించుటయు రెండును తొందరపాటులే. పిల్లవాని చేతి వాటమును, మనసు మొగ్గును కనిపెట్టి, వానినే కూర్చుండబెట్టి యడిగి నిర్ణయించుట మేలు.

సంఘము చేయదగిన పని

రాక్‌డేలు సహకారులు తరువాతి సంవత్సరములలో తమ మిగులులో నూటికి రెండున్నర వంతున సభ్యుల విద్యకై వేఱుచేసిరి. వారు ధనికులు గారు. దుకాణము నిలువవలెనన్న దుకాణమును తెలిసికొన్న సభ్యులుండవలెనని వారు గ్రహించిరి. మన సంఘములకును అదే న్యాయము వర్తించును. మేము కోరునవి పెద్ద ఖర్చుతో గూడినవి గావు.

తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులను నెల కొకనాడు సంఘ కార్యాలయమునకు రప్పించి, రోకడ పుస్తకము, ఖాతా, వడ్డీ లెక్క, గోదాములోని సరకు లెక్క చూపవలయును. ఇతరుల ఖాతాలను గాక మాదిరి ఖాతాలను వాడవలయును. సర్వసభ్య సమావేశమున వారిని వెనుక బల్లలపై కూర్చుండనీయవలయును. తమ తండ్రు లెట్లు మాటాడుచున్నారో వారు వినుట మంచిదే. పిల్లలు వినుచున్నారని తెలిసినచో తండ్రులును కొంచెము నిదానముగ మాటాడుదురు!

పాఠశాలలో విద్యార్థుల సహకార దుకాణమును పెట్టింపవచ్చును. ఒక్కొక్కరు పదిరూపాయల వాటా, నోటుపుస్తకములు, కలములు అమ్మకము, విద్యార్థులే పాలకవర్గము, నెల కొకసారి లెక్క చదువుట. దానిలో పోయిన పదిరూపాయలు నేర్పిన పాఠము, పెద్దయైన పిదప పోబోవు పదివేలను కాపాడును.

కృషి విజ్ఞాన కేంద్రముల సహాయమును కోరవలయును. మన దేశమున మొదటి కేంద్రము 1974లో పుదుచ్చేరిలో నేర్పడినది. నేడు జిల్లా లన్నిటను విస్తరించుచున్నవి. రైతులకును గ్రామయువకులకును పని చేయించి నేర్పుటయే వాని ముఖ్యోద్దేశము. పాఠశాల, కేంద్రము, సంఘము మూడును కలిసినచో నేటికి నాలుగు దినములైనను పిల్లలకు పొలములో పాఠము జరుగును.

సభ్యులలో మోటారు బాగుచేయువారు, మేలైన నారు పోయువారు, పశువుల జబ్బు కనిపెట్టువారు, తేనెటీగలు పెంచువారు గలరు. అట్టివారి పేర్లు పట్టీగా వ్రాసి ప్రధానోపాధ్యాయున కీయవలయును. పట్టము లేని యీ పండితులు ఒక్క గంట తరగతిలో నిలిచినచో, పిల్లలు పాఠము నేర్చుటయే గాక, తమ యూరిలోని నేర్పును గౌరవించుటయు నేర్తురు.

నేడు బల్లలమీద కూర్చున్న పిల్లలే పదేండ్లలో ఈ సంఘమునకు సభ్యులు, అధ్యక్షులు, అప్పు తీసికొనువారు, అప్పు వసూలు చేయువారు. వారిలో కొందఱు పట్టణములకు పోవుదురు, పోనిండు. పోయినవాడు మోసపోకుండుటకును, ఉన్నవాడు నష్టపడకుండుటకును వలసిన నేర్పు ఒకటే. కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఈ విషయమును కార్యక్రమములో చేర్చి, తమ గ్రామపు ఉన్నత పాఠశాలకు ఏ పాఠమున కెవరిని పంపగలరో, ఏ నెలనుండి పంపగలరో తీర్మానించి, ఆ తీర్మానమును ప్రధానోపాధ్యాయునకు స్వయముగ నందజేయవలయునని మా కోరిక.